సిద్దిపేటలో లిండర్‌బర్గ్ గది

ఈ మధ్య ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇల్లు లేనివాళ్ళకు వసతి చూపించే పనిలో కొత్తగా చేరిందట. చేతిలో నోట్‌బుక్కు, మెడలో ఐడీ కార్డు. కూర్చోగానే అడిగింది.

"సార్, లిండర్‌బర్గ్ మోడల్ గురించి జర చెప్తరా? సిద్దిపేటకు తెచ్చింది మీరేనట గదా."

చాయ్ నా గొంతుకు అడ్డం పడింది. లోపలి గదిలోంచి మా ఆవిడ సుగుణ నవ్వు వినిపించింది. దాన్ని దగ్గుగా మార్చాలని చూసింది గానీ కుదరలేదు.

లిండర్‌బర్గ్ నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. అట్లాంటి ఊరు భూమ్మీద ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆ రోజు ఏదో నాలుగు ముక్కలు చెప్పి అమ్మాయిని పంపించేశాను. గేటు వేసి లోపలికి వచ్చాక నా మీద నాకే రోత పుట్టింది. ఇన్నేళ్ళు ఆ పని చేసి, కొత్తగా వచ్చిన పిల్లకు ఒక్క నిజం చెప్పలేకపోయానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివితే నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

నేను పనిచేసిన ట్రస్టు పేరు రాయను. అన్నం పెట్టిన చోటు. పైగా పేరు రాస్తే ఈ కాగితాలకు కూడా ఫ్రేము కట్టించి వరండాలో తగిలిస్తారు, వాళ్ళ సంగతి నాకు తెలుసు.

మూడంతస్తుల మంచాలు

మా ట్రస్టుకు నాలుగైదు పట్టణాల్లో వసతి గృహాలుండేవి. సిద్దిపేటలోని దానికి నేను ఇన్‌ఛార్జిని. మా అందరి మీదా హైదరాబాదులో కూర్చునే డైరెక్టరు ఉండేవాడు. మేం పెద్దసారు అనేవాళ్ళం. మంచి మనిషి. చెడ్డ అలవాటంటూ ఏదీ లేదు, ఒక్కటి తప్ప. మన ఊరి కష్టానికి మందు ఎప్పుడూ వేరే ఊళ్ళోనే దొరుకుతుందని ఆయన నమ్మకం. ఏ సమస్య చెప్పినా ముందు సూట్‌కేసు సర్దేవాడు.

మొదట సముద్రం ఒడ్డున ఉన్న ఒక మహానగరానికి పోయాం. అక్కడి వసతి గృహంలో ఒకదాని మీద ఒకటి మూడు మంచాలు. వాళ్ళకు కాలు పెట్టే జాగ లేదు పాపం, అందుకని పైకి కట్టుకున్నారు. మాది పాత పత్తి గోదాం. అందులో ఎద్దుల బండి తిప్పుకోవచ్చు. అయినా పెద్దసారు తిరిగి వచ్చిన వారానికే మాకూ మూడంతస్తుల మంచాలు దిగాయి. పై మంచం మీద మనిషి లేచి కూర్చుంటే ఫ్యాను రెక్క నెత్తికి తగిలేటట్టుంది. అప్పుడు ఏం చేయాలి? మంచం తీసేయాలి అంటారు మీరు. మేం ఫ్యాన్లు తీసేశాం.

తర్వాత ఉత్తరాదిలో ఒక నగరానికి పోయాం. అక్కడ చలికి రోడ్ల మీద మనుషులు చనిపోతారు. అందుకని సాయంత్రం ఆరింటికి గేటు తెరిచి, పొద్దున ఎనిమిదింటికి మూసేస్తారు. బొంతల్లాంటి రజాయిలిస్తారు. మేమూ సరిగ్గా అదే చేశాం. ఎండాకాలం నడిమధ్యలో లారీ నిండా రజాయిలు దిగాయి. వాటిని చూసి మా వంటమనిషి బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారూ, మన దిక్కు మనిషి పగటీలి ఎండకు సస్తడు. రాత్రి సల్లగ ఎక్కడనో ఒక్కకాడ పండుకుంటడు. గీ గేటు ఉల్టా తియ్యాలె."

ఆమె అన్నది నిజం. మే నెలలో పగలు పన్నెండింటికి బస్టాండు ముందు మనుషులు సొమ్మసిల్లి పడిపోతుంటే, మా గోదాం గేటుకు తాళం ఉండేది. నేను ఈ సంగతి పెద్దసారుకు రాశాను. ఆయన ఫోను చేశాడు.

"రాజేశం, ఆ నగరంలో పగలు తెరుస్తరా, మూస్తరా?"

"మూస్తరు సార్."

"మరింకేంది?"

ఇంకో సంగతి. సముద్రం ఒడ్డు నగరంలో అక్కడి ఇన్‌ఛార్జి చెప్పేదంతా నేను బుద్ధిగా రాసుకుంటున్నాను. తలెత్తి చూస్తే ఆయన కూడా రాసుకుంటున్నాడు. మీ సిద్దిపేటలో ఎట్లా చేస్తారని మధ్యమధ్య అడుగుతున్నాడు. మేం ఆయన మంచాలు తెచ్చుకున్నాం. ఆయన మా దగ్గర్నుంచి ఏం తీసుకుపోయాడో, దాంతో అక్కడివాళ్ళు ఎన్ని అవస్థలు పడ్డారో నాకు తెలియదు.

సముద్రతీరం గడి

మంచాలతో పాటు ఒక ఫారం కూడా తెచ్చుకున్నాం. ఎవరు వచ్చినా అది నింపాకే లోపలికి రానివ్వాలి. అందులో 'నిద్రించు స్థలం' అని ఒక వరుస ఉండేది. దాని కింద ఫుట్‌పాత్, ఫ్లైఓవర్ కింద, రైల్వే ప్లాట్‌ఫారం, సముద్రతీరం అని నాలుగు గడులు.

సిద్దిపేటలో సముద్రతీరం. నేను ప్రతి నెలా అందులో సున్నా పెట్టి పంపేవాణ్ణి. కొన్నాళ్ళకు పెద్దసారుకు ఆ సున్నా కంట్లో నలుసైంది.

"ఆ నగరంలో ఈ గడిలనే ఎక్కువ మంది ఉన్నరు రాజేశం. మీరు సర్వే సరిగ చేస్తలేరు."

"సార్, మనకు సముద్రం లేదు."

"కోమటిచెరువు ఉంది గదా? కట్ట మీద పండుకునేటోళ్ళను అండ్ల రాయుండ్రి."

రాశాను. నవ్వకండి, మీరైనా రాసేవాళ్ళే. పై అధికారి ఫోనులో ఉంటే కోమటిచెరువు సముద్రం కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ ఫారంలో మరో రెండు నిబంధనలుండేవి. వాటికి మాత్రం నవ్వలేను. ఒకటి, ఆధార్ కార్డు మీద ఇంటి చిరునామా ఉండి, ఆ ఇంట్లో కిరాయికైనా ఉంటున్నవాళ్ళు నిరాశ్రయులు కారు. రెండు, జబ్బు మనిషిని చేర్చుకోకూడదు. ఆ నగరంలో ఇవి సరైన నిబంధనలే కావచ్చు. అక్కడ కిరాయి ఇల్లున్నవాడికి కనీసం ఆ ఇంట్లో చనిపోయే హక్కయినా ఉంటుంది. మా దిక్కు అది లేదు.

బయటి ఊళ్ళ నుంచి ఈ పనికి వచ్చేవాళ్ళకు ఇది తెలియదు కనుక వివరంగా చెబుతాను. మా దగ్గర ఇల్లు కిరాయికి అడగబోతే, ఓనరు కిరాయి ఎంతిస్తారని తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది, "ఇంట్ల ముసలోళ్ళున్నరా?" అని. కిరాయిదారు ఇంట్లో ప్రాణం పోకూడదు. దవాఖానలో పోయినా శవం గేటు లోపలికి రాకూడదు. నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసిపెట్టాలని భయం. అందుకని మనిషికి చివరి ఘడియలు వచ్చాయని తెలిస్తే చాలు, ఊరికి తీసుకుపొమ్మంటారు. ఊళ్ళో ఇల్లుంటే సరే. లేకపోతే రోడ్డే గతి.

ఇది మా వాడకట్టులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మా ఫారానికి తెలియదు.

లక్ష్మి తెచ్చిన ఆటో

మే నెల, పగలు పదకొండు. గేటుకు తాళం. పెద్దసారు మర్నాడు తనిఖీకి వస్తున్నాడని నేను ఆఫీసు గదిలో కాగితాలు సర్దుకుంటున్నాను. గేటు ముందు ఆటో ఆగింది.

వెనక సీట్లో లక్ష్మి. బీడీలు చుట్టి బతికే మనిషి, మా గోదాంకు రెండు వీధుల అవతల కనకయ్య ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఆమె భర్త ఓదెలు పడుకుని ఉన్నాడు. మార్కెట్ యార్డులో హమాలీ. ఒకప్పుడు క్వింటాలు బస్తాను ఒక్క ఊపుతో భుజాన వేసుకున్న మనిషి. లివరు పాడై, పట్నంలో పెద్ద దవాఖానకు పోయి, మాటాపలుకూ లేకుండా తిరిగి వచ్చాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"ఇంటికి తీస్కపోండ్రి అన్నరు సారూ. తీస్కొస్తే కనకయ్య గేటు కాడ నిలవడ్డడు. నా ఇంట్ల పాణం పోవద్దంటుండు."

"ఊరికి తీస్కపోరాదమ్మా?"

"మిరుదొడ్డి దిక్కు మా ఊరు. ఇల్లు వానలకు కూలి ఎన్నేండ్లాయె. మా అత్త సుట్టాల కొట్టంల ఉంటది. గంత దూరం ఆటోల పోతె ఈయన పాణం ఆగదు. రెండు దినాలు సారూ. గా గోడ పొంటి జరంత జాగియ్యిండ్రి. సచ్చేటప్పుడు నెత్తి మీద కప్పుండాలె. గంతే."

నా వెనక గోదాం అంతా ఖాళీ. నేను ఫారం తీశాను. పేరు, తండ్రి పేరు, ఆధార్. చిరునామా గడి దగ్గర ఆగాను.

"నీకు అడ్రసున్నది గదమ్మా. ఇది ఇల్లు లేనోళ్ళకు."

ఎంత మెత్తగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. అరిచి చెప్పి ఉంటే ఆమె కూడా నన్ను నాలుగు తిట్టేది, నాకు కొంత బరువు దిగేది. ఎందుకైనా మంచిదని పెద్దసారుకు ఫోను కలిపాను.

"చేర్చుకుంటే రేపు అందరు ఇదే పట్టుకుంటరు రాజేశం. ఆ నగరంల ఎక్కడన్న జబ్బు మనిషిని చేర్చుకున్నది చూసినమా?"

"లేదు సార్."

"మళ్ళ దవాఖానకే తీస్కపొమ్మను."

అదే చెప్పాను. లక్ష్మి ఓదెలు మొహం మీద కొంగు కప్పి, పోనియ్యమని ఆటో అతనికి చెప్పింది. మా ఫారంలో వెనక్కి పంపినవాళ్ళకు గడి లేదు. కనుక ఆ రోజు మా రికార్డు ప్రకారం ఏమీ జరగలేదు.

మధ్యాహ్నం బాలమణి చెప్పింది. దవాఖాన చేరకముందే, బైపాసు దగ్గర ఆటోలోనే ఓదెలు ప్రాణం పోయిందట. నేను ఉరికాను. వైకుంఠధామం అనే మా ఊరి శ్మశానం గోడ పక్కన, రోడ్డు మీదనే, ఆటోకూ కరెంటు స్తంభానికీ మధ్య ఒక నీలం ప్లాస్టిక్ కవరు కట్టారు. దాని కింద ఓదెలు. కాళ్ళు కవరు బయటికి ఎండలో ఉన్నాయి. యార్డు నుంచి వచ్చిన హమాలీలు ఇద్దరు ఆ కాళ్ళకు తువ్వాల అడ్డం పట్టుకుని నిలబడ్డారు. చనిపోయిన మనిషికి ఎండ తగలకుండా.

లక్ష్మి నన్ను చూసింది. ఏడవలేదు, తిట్టలేదు.

"కనకయ్య మా సామాను బయటవెట్టిండట సారూ. ఇప్పుడు నాకు అడ్రసు లేదు. ఇప్పుడు రాస్కుంటరా?"

నా ఉద్యోగంలో నన్ను ఎంతోమంది ఎన్నో అన్నారు. అవన్నీ మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.

కనకయ్య చెప్పిన మాట

కోపమంతా ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. నేరుగా కనకయ్య కిరాణా దుకాణానికి పోయాను. నువ్వు మనిషివేనా అని బజారులో అందరూ వినేటట్టు అరిచాను. ఆయన చక్కెర పొట్లం కడుతూ, కట్టడం పూర్తయ్యేదాకా ఆగి, కొన్నామెను పంపించి, నా వైపు తిరిగాడు.

"కూసోండ్రి సారూ. చాయ్ తాగుతరా?"

"నీ చాయ్ నాకెందుకు?"

"అయితే ఒక్క ముచ్చట చెప్తా, ఇనుండ్రి. మీ పై పోర్షన్ల టీచరమ్మ ఉండె. వాళ్ళ మామకు సీరియస్ అయితే అంబులెన్సు మీ గేటు ముందట ఆగింది. మరి గేటు తీసిండ్రా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

తీయలేదు. మా సుగుణ గేటు దగ్గర నిలబడి, మద్దూరులో మీకు ఇల్లుంది కదా, అక్కడికి తీసుకుపోతేనే పెద్దాయన ఆత్మకు శాంతి అని చెప్పింది. నేను వెనక వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. చెప్పింది ఆమే, కానీ ముందురోజు ఆ మాట ఆమెకు నేర్పింది నేను. దారిలో ఇబ్బంది పడకుండా ఫ్లాస్కులో చాయ్ కూడా పోసి ఇప్పించాను. మర్యాదగా పంపించామని అప్పట్లో నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇంత పెద్ద సంగతి నాకు కనకయ్య దుకాణంలో గుర్తుకొచ్చింది. రెండు నగరాలు తిరిగి చూసొచ్చిన నేను మా గేటును ఒక్కసారి కూడా చూడలేదు.

వెనక గది

లక్ష్మికి ఇప్పుడు చిరునామా లేదు కనుక ఫారం సజావుగా నిండింది. ఆమె మా వసతి గృహంలో చేరింది. పన్నెండో రోజు దినాలయ్యాక నా దగ్గరికి వచ్చి, గోదాం వెనక ఉన్న గదిలో ఏముందని అడిగింది.

"రజాయిలు."

"వాటికి గంత మంచి గది ఎందుకు సారూ?"

ఆ గదికి సందు వైపు వేరే తలుపుంది. లోపల నల్లా ఉంది. నేనూ, బాలమణీ, లక్ష్మీ కలిసి రజాయిలన్నీ మూడో అంతస్తు మంచాల మీదికి ఎక్కించాం. ఆ మంచాలు పనికి రావడం అదే మొదలు. గది కడిగి, గోడలకు సున్నం వేసి, ఒక పట్టె మంచం వేశాం. పర్మిషన్ లేదు, బోర్డు లేదు. రికార్డులో 'స్టోరు' అనే ఉంచాను.

మొదట ఒక మగ్గం పనాయన తల్లిని తెచ్చాడు. మూడు రోజులుంది. కొడుకు చేతి నీళ్ళు తాగి, కప్పు కింద పోయింది. తర్వాత ఒకరి వెంట ఒకరు. కోహెడ నుంచి వచ్చి ఇక్కడ ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకాయన, తన భార్యను దవాఖాన నుంచి నేరుగా మా సందుకే తెచ్చాడు. మనిషి పోయిన ప్రతిసారీ లక్ష్మే గది కడిగేది, దీపం పెట్టేది. వచ్చినవాళ్ళను ఆమె ఏ కాగితమూ అడగలేదు. "ముందు లోపటికి తీస్కరాండ్రి" అనేది, అంతే.

సంగతి పెద్దసారుకు తెలిసింది. కారు దిగుతూనే అరిచాడు.

"ఎవలు చెయ్యమన్నరు? ఇట్లాంటిది ఏ నగరంల ఉన్నది? ఒక్కటి చూపెట్టు."

"ఎక్కడ లేదు సార్."

"ఎక్కడ లేనిది మనమెట్ల చేస్తం రాజేశం!"

గదికి తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. సందులో ఒక కుటుంబం అప్పటికే వచ్చి నిలబడి ఉంది, ఒక ముసలాయన్ను కుర్చీలో కూర్చోబెట్టుకుని. లక్ష్మి నా మొహం వంక చూస్తోంది. ఆ చూపు నేను ఒకసారి చూశాను. రెండోసారి చూసే ధైర్యం లేక, నోటికొచ్చింది అన్నాను.

"అంటే, మన దేశంల లేదన్న సార్. లిండర్‌బర్గ్‌ల ఉన్నది."

పెద్దసారు ఆగాడు.

"ఎక్కడ?"

"లిండర్‌బర్గ్ సార్. చలి దేశం. అక్కడ ఇట్లాంటి గదులు వాడకు ఒకటుంటదట. మీరు చదివే ఉంటరు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చదివిన, చదివిన. లిండర్‌బర్గ్. మంచి మోడల్ అది. ముందుగాల చెప్పద్దా మరి?"

తాళంచెవి జేబులోంచి బయటికి వచ్చింది. ముసలాయన కుర్చీతో సహా లోపలికి పోయాడు. బాలమణి వంటగదిలోకి ఉరికి తలుపేసుకుంది. ఆమె ఎంతసేపు నవ్విందో ఆ రోజు అన్నం మాడిన వాసన చెప్పింది.

అబద్ధం చెప్పడం తప్పు. కొత్తవాళ్ళకు నేర్పే విద్య కాదు. కానీ అదే సందులో, అదే కుర్చీ ముందు, అదే చూపు కింద నన్ను మళ్ళీ నిలబెడితే ఇంకో రెండు ఊళ్ళు పుట్టిస్తాను.

మమ్మల్ని చూడవచ్చినవాళ్ళు

ఇక మా గదికి బోర్డు వచ్చింది. 'లిండర్‌బర్గ్ పద్ధతి' అని ఇత్తడి అక్షరాలు. వేరే పట్టణాల నుంచి బృందాలు రావడం మొదలుపెట్టాయి. పెద్దసారు లిండర్‌బర్గ్ గురించి గంటసేపు మాట్లాడేవాడు. అక్కడి మంచు, అక్కడి మనుషుల క్రమశిక్షణ, అన్నీ కళ్ళకు కట్టేవాడు. మూడో బృందం వచ్చేనాటికి ఆయన స్వయంగా అక్కడికి పోయి వచ్చాడు కూడా.

లక్ష్మి మూలన నిలబడి ఉండేది. ఒక్కరంటే ఒక్కరు ఆమెను ఏమీ అడగలేదు. గోడ రంగు నంబరు అడిగారు. మంచం కొలతలు తీసుకున్నారు. బోర్డు ఫోటో తీసుకున్నారు. ఒక పట్టణంవాళ్ళు అచ్చం అట్లాంటి గదే కట్టారని విని, బస్సెక్కి పోయి చూశాను. గది ముద్దుగా ఉంది. ఇత్తడి బోర్డు మాదానికన్నా పెద్దది. తలుపుకు తాళం ఉంది. ఎవరు వచ్చినా చేర్చుకునే ముందు ఇంటి ఓనరు వెళ్ళగొట్టినట్టు ఓనరు సంతకంతో కాగితం తేవాలట. కాగితం లేక ఎవరూ రాలేదని అక్కడి ఇన్‌ఛార్జి బాధపడ్డాడు.

ఆయనకు ఏం చెప్పను? మేమూ ఇట్లాగే నేర్చుకున్నాం మరి. మంచం కొలత రాసుకోవడం తేలిక. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఏమంటుందో వినడానికి కొంచెం సేపు పడుతుంది, టూరు ప్రోగ్రాంలో దానికి టైము ఉండదు.

మా గేటు

నేను రిటైరయ్యాను. పెద్దసారూ దిగిపోయాడు. కొత్త డైరెక్టరు ఇంకో నగరం చూసొచ్చాడు. అక్కడ వసతి గృహంలో ఎవరినీ ఆరు నెలలకు మించి ఉంచరట. లక్ష్మిని పొమ్మన్నారు. వెనక గదిలోకి కొత్త మోడల్ తాలూకు సామాను వచ్చింది, బోర్డు మాత్రం అట్లాగే ఉంది.

ఒకరోజు పొద్దున మా గేటు చప్పుడైంది. లక్ష్మి. పక్కన ఆమె అత్త, ఓదెలు తల్లి పోచవ్వ. కొట్టం కూడా పోయిందట. నడుం వంగి, కర్ర మీద ఆగి, ఊపిరి కోసం నోరు తెరిచి నిలబడింది.

"ఊరంత తిరిగిన సారూ. ముసలోళ్ళున్నరా అని అడుగుతున్నరు. దాసిపెట్టెటట్టు లేదు గదా ఈమెను. మీ పై పోర్షను ఖాళీ ఉన్నదట."

అని చిన్నగా నవ్వింది.

"ఫారం ఉంటె ఇయ్యిండ్రి, నింపుత."

ఇక్కడ నా గొప్ప రాసుకోవాలని ఉంది. రాయడానికి ఏమీ లేదు. ఊరూరికీ పాఠం చెప్పిన నేను మా గేటు గొళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పోచవ్వ ఎన్నాళ్ళుంటుంది, నెలా, రెండు నెలలా అని నా కళ్ళు లెక్క కడుతున్నాయి. వెనక్కి తిరిగి సుగుణ వైపు చూశాను. కాదనే పని మళ్ళీ ఆమె నోటితోనే చేయిద్దామని. అవును, ఆ వయసులో కూడా.

సుగుణ పోచవ్వను కిందినుంచి పైదాకా చూసింది.

"పైన వద్దు" అంది.

నాకు తేలికైంది, సిగ్గూ వేసింది. లక్ష్మి తలూపి, అత్త చేయి పట్టుకుని వెనక్కి తిరిగింది.

"యాడికి పోతున్నవ్? ఈమె మెట్లెక్కుతదా? కింది అర్ర ఇస్త. సారు పుస్తకాలున్నయి అండ్ల." నా వైపు తిరిగింది. "మీ కాయిదాలు, మీ లిండర్‌బర్గ్, అంత మూటగట్టి పైకి తీస్కపోండ్రి."

టీచరమ్మ మామ సంగతి మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాటల్లోకి రాలేదు. నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. ఆమె కూడా అన్నేళ్ళూ ఆ గేటు దగ్గరే నిలబడి ఉందని ఆ పొద్దున తెలిసింది.

పోచవ్వ నెల అనుకుంటే ఎనిమిది నెలలుంది. చాయ్‌లో చక్కెర తక్కువైందని నన్ను తిట్టేది. సాయంత్రం కాగానే సుగుణను పిలిచి, "బిడ్డా, నేను పోతె బయటెయ్యవు గదా?" అని అడిగేది. "గీడ్నే ఉంటవు తియ్, ముందు బువ్వ తిను" అనేది సుగుణ. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మాఘమాసంలో ఒక పొద్దున, ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చే వేళ, పోచవ్వ లక్ష్మి చేయి పట్టుకుని ప్రాణం విడిచింది. శవాన్ని మా హాల్లోనే పడుకోబెట్టాం. గేటు రెండు రెక్కలూ తీసి పెట్టాం. కనకయ్య వచ్చి గేటు దగ్గర ఒక ఘడియ ఆగి, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

పదకొండో రోజు పంతులు పంచాంగం చూసి పెదవి విరిచాడు. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలన్నాడు. సుగుణ మొహం పాలిపోయింది. నాదీ అంతే, ఎందుకు దాచాలి. ధైర్యం అనేది ఒకసారి వస్తే ఉండిపోయేది కాదు. మర్నాడు ఇద్దరం ఆరు నెలల కోసం ఒక పోర్షను చూడటానికి పోయాం. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. ఓనరు ముప్పై ఏళ్ళ పిల్లగాడు. మర్యాదస్తుడు, కుర్చీలు వేశాడు. నా నెత్తి మీది తెల్ల వెంట్రుకలు చూశాడు, సుగుణ మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం చూశాడు. ఇబ్బంది పడుతూ అడిగాడు.

"ఏమనుకోకుండ్రి అంకుల్. ఇంట్ల ముసలోళ్ళెవలన్న ఉన్నరా?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు నవ్వింది సుగుణే. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ పిల్లగాడు భయపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"లేరు బిడ్డా" అంది లేస్తూ. "నడువుండ్రి, మనింటికి పోదాం."

వచ్చేసరికి గేటు తీసే ఉంది. పోచవ్వ ఉన్న కింది అర్ర కడిగి ఉంది. లక్ష్మి తన బట్టలు, గిన్నెలు మూట కట్టుకుని గడప పక్కన కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మూట భుజానికెత్తుకుంది.

"ఇల్లు మూస్తరంట గదా అమ్మా. తాళమేసేదాక ఉందామని ఆగిన."

సుగుణ ఆమె భుజం మీది మూట లాగి కింద పెట్టింది.

"ఎవలన్నరు మూస్తమని? మూట ఇప్పు. పొయ్యి మీద చాయ్ పెట్టు, నాకు మోకాళ్ళు గుంజుతున్నయి."

లక్ష్మి అక్కడే కింద కూర్చుని ముడి విప్పసాగింది. గట్టిగా వేసిన ముడి. నేనూ పక్కన కూర్చుని ఒక చెయ్యి వేశాను.